జపనీస్ సామెత: విడదీసి చదవడం, చోటు చూసి వాడడం

జపాన్‌లో ఆఫీసు విహారయాత్రకు రమ్మని ఒక పెద్దాయనను పిలుస్తూ "కరెకి మొ యమ నొ నిగివై" అన్నారనుకోండి. మాటకు మాట అర్థం చూస్తే ఇంపుగానే ఉంటుంది: ఎండిన చెట్టు కూడా కొండకు సందడే. 'మీరొస్తే నిండుగా ఉంటుంది' అన్నాననుకుంటారు మీరు. ఆయనకు వినబడేది మాత్రం 'మీ వల్ల ఒరిగేదేమీ లేదు గానీ, ఎవరూ లేకపోవడం కన్నా నయం' అని. ఈ సామెత తన గురించి తాను తగ్గించి చెప్పుకోవడానికి పుట్టింది. "ఎండు చెట్టైనా కొండకు సందడే కదా, నేనూ వస్తాను" అని ఆ పెద్దాయన అనాలి, మీరు కాదు.

జపనీస్ నేర్చుకునే తెలుగువాళ్లు సామెతల జాబితాలు బట్టీపట్టి చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అర్థం తెలుస్తుంది, దిశ తెలియదు. కాబట్టి ఏ సామెత నేర్చుకున్నా మూడు సంగతులు కలిపి నేర్చుకోవాలి: వాక్యం ఎలా కట్టారు, ఎవరి నోట ఎవరి గురించి వస్తుంది, దగ్గరగా కనబడే తెలుగు సామెతతో ఎక్కడ విడిపోతుంది. కింద చెప్పేదంతా ఈ మూడింటి గురించే.

సామెతను జపనీస్‌లో కొతొవజ అంటారు. దాని పక్కనే ఇంకో మూడు రకాలున్నాయి. కన్‌యోకు అంటే జాతీయం, పూర్తి వాక్యం కాదు. యొజిజుకుగొ అంటే నాలుగు అక్షరాల సమాసం. కొజి సెయ్‌గొ అంటే పాత చైనా కథల నుంచి వచ్చిన మాట. జపాన్ పిల్లలకు వీటిలో సామెతలు, జాతీయాలు, కొజి సెయ్‌గొ ప్రాథమిక పాఠశాల 3, 4 తరగతుల్లోనే పాఠ్యప్రణాళికలో భాగం. అంటే మీరు వాడే సామెత అవతలివాళ్లు ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో నేర్చుకున్నదై ఉంటుంది. తప్పు పలికితే వెంటనే పట్టేస్తారు.

ముందు చెవి సంగతి

ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకండి, తెలుగులో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా ఉంది, ద్విత్వం ఉంది. రెండూ మన లిపిలో పుట్టుకతోనే ఉన్నాయి. "ఇను మొ అరుకెబ బో ని అతరు", అంటే కుక్క కూడా నడిస్తే కర్రకు తగులుతుంది. ఇందులో 'బో' దీర్ఘం, 'మొ' హ్రస్వం. అలవాటు కొద్దీ రెండూ సాగదీస్తే వినేవాళ్లకు అయోమయం. మామూలుగా మనం పదం చివరి అచ్చును లాగుతాం. అది ఇక్కడ మానుకోవాలి: కొతొవజ, 'కొటోవాజా' కాదు. త, ద అన్నీ దంత్యాలే. ట, డ రానివ్వకండి.

'త్సు' అనే ధ్వని మనకు కొత్తేమీ కాదు. 'చుక్క', 'చుట్టం' అన్నప్పుడు మన నోట వచ్చే మొదటి ధ్వనే అది. 'జాడ'లోని జ వాళ్ల 'జ'కు దగ్గర: మిజు అంటే నీళ్లు, ఇందులో జ ఆ రకమే. 'జి' మాత్రం 'జిల్లా'లోని జి. ఇంకో రెండు చిక్కులు రాతవి. 'హ' అని రాసి విభక్తిగా వాడినప్పుడు 'వ' అని పలుకుతారు. 'వొ' అని రాసినది 'ఒ' అవుతుంది.

ఒకేలా వినబడే మాటలు కొన్ని తెలుగువాళ్లను భలే మోసం చేస్తాయి. "కప్ప నొ కవ నగరె" అనే సామెతలో కప్ప మన కప్ప కాదు. కప్ప అంటే జానపద కథల్లోని నీటి జీవి, ఈతలో దాన్ని మించింది లేదు. అలాంటిది కూడా ఏటిలో కొట్టుకుపోతుందని సామెత. మన కప్పను వాళ్లు కఎరు అంటారు. అలాగే "నుక ని కుగి"లో నుక అంటే తవుడు, నూకలు కాదు. తవుడులో మేకు దిగ్గొడితే నిలవదు, ఎంత చెప్పినా ఎదుటివాడిలో చలనం లేదని భావం.

వాక్యాన్ని విప్పడం

సామెతల్లో పాత వ్యాకరణం గడ్డకట్టి ఉంటుంది. నేటి జపనీస్ ఎంత బాగా వచ్చినా ఇక్కడ దెబ్బతింటారు, జపాన్‌వాళ్లు కూడా. అందరికన్నా పేరుమోసిన ఉదాహరణ ఇది:

"నసకె వ హితొ నొ తమె నరజు." నసకె అంటే దయ, హితొ నొ తమె అంటే పరుల కోసం, నరజు అంటే కాదు. పరుల కోసం కాదు, చేసిన మేలు చివరికి తిరిగి మనకే చేరుతుంది, అందుకే దయ చూపు అని అర్థం. చాలామంది మాత్రం 'దయ చూపితే ఎదుటివాడికి మంచిది కాదు, చెడిపోతాడు' అని అర్థం చేసుకుంటారు. 2010 ఆర్థిక సంవత్సరంలో జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ జరిపిన భాషా సర్వేలో సరైన అర్థం ఎంచుకున్నవాళ్లు 45.8 శాతం, తప్పు అర్థం ఎంచుకున్నవాళ్లు 45.7 శాతం. సగానికి సగం! తప్పు ఎక్కడ జరిగిందంటే, 'నరజు' పాత కాలపు 'కాదు'. దాన్ని నేటి 'తమె ని నరనై', అంటే 'మేలు కాదు, పనికిరాదు' అనే మాటతో కలిపేసుకున్నారు. నడుమ 'ని' లేదని గమనిస్తే చిక్కు విడిపోతుంది.

చివర 'జు' గానీ 'ను' గానీ కనిపిస్తే అది వ్యతిరేకార్థం. "ఇ నొ నక నొ కవజు తైకై ఒ షిరజు": బావిలో కప్ప మహాసముద్రాన్ని ఎరగదు. షిరజు అంటే ఎరగదు. బావికి నేటి మాట ఇదొ, ఇక్కడ పాత మాట ఇ; కప్పకు నేటి మాట కఎరు, ఇక్కడ కవజు. "ఇదొ నొ నక నొ కఎరు" అంటే అర్థమవుతుంది గానీ అది సామెతగా మోగదు. "తొరను తనుకి నొ కవజన్‌యో"లో తొరను అంటే పట్టని: ఇంకా పట్టుకోని తనుకి తోలుకు ధర లెక్కగట్టడం. తనుకి అంటే నక్కలా ఉండే ఒక అడవి జంతువు.

'బ' అనే ప్రత్యయం ఇంకో ముడి. పాత భాషలో క్రియ చివరి అచ్చును బట్టి అర్థం మారేది. 'అ' మీద బ వస్తే 'అయితే' అనే ఊహ, 'ఎ' మీద బ వస్తే 'అయ్యేసరికి, అయ్యాక' అనే జరిగిన సంగతి. "ఇసొగబ మవరె": తొందరైతే చుట్టూ తిరిగి వెళ్లు. "సుమెబ మియకొ": ఉండగా ఉండగా అదే రాజధాని. అంటే ఏ ఊరైనా అలవాటు పడితే మన ఊరే. దీన్ని 'సుమబ మియకొ' అని ఒక్క అచ్చు మార్చి పలికితే 'ఉంటే గింటే రాజధానిలోనే ఉండాలి' అని దాదాపు ఎదురర్థం వస్తుంది.

"ఇసొగబ మవరె" వెనక అసలు దారి ఒకటుంది. అది తెలిస్తే సామెత మరచిపోరు. తూర్పు నుంచి క్యోతో వెళ్లేవాళ్లకు బివ సరస్సు అడ్డు. యబసె రేవులో పడవెక్కి ఒత్సు వైపు దాటితే దగ్గర. కానీ కొండల మీదనుంచి దిగే గాలికి పడవలు ఆగిపోయేవి, ఒక్కోసారి మునిగేవి. దక్షిణంగా నడిచి సెత పొడవు వంతెన మీదుగా వెళ్తే దూరం, కానీ చేరడం ఖాయం. యబసె పడవ దగ్గరైనా, తొందరైతే సెత వంతెన మీదుగా తిరిగి వెళ్లమనే పాత పద్యం నుంచి ఇది వచ్చింది. ఆ పద్యాన్ని సోచో అనే కవి పేరుతో చెబుతారు, ఆయన కాలం 1448 నుంచి 1532. మన 'నిదానమే ప్రధానం'తో దీన్ని కలిపేయకండి. సామెత మెల్లగా వెళ్లమనడం లేదు. తొందర ఉన్నవాడే నమ్మకమైన దారి పట్టాలంటోంది. గడువు రేపనగా పరీక్షించకుండా కోడ్ పంపేసే వాడికి చెప్పే మాట ఇది. తీరిగ్గా కూర్చున్నవాడికి చెప్పేది కాదు.

ఇక కట్టుబడి నమూనాలు. నాలుగైదు తెలిస్తే కొత్తది విన్నా పోల్చుకోవచ్చు.

'యొరి' అంటే కన్నా: "హన యొరి దంగొ", పూల కన్నా పిండి ఉండలు. చెర్రీ పూలు చూడ్డానికి వెళ్లి తినుబండారాల మీద కన్నేసేవాడి గురించి. "రొన్ యొరి షోకొ", వాదన కన్నా రుజువు.

'ని' అంటే కి లేదా లో. ఇందులో మెలిక ఉంది. ఒకే ఆకారం, ఎదురెదురు అర్థాలు. "నెకొ ని కొబన్", పిల్లికి బంగారు నాణెం: వృథా. "ఒని ని కనబో", రాక్షసుడికి ఇనుప గద: అసలే బలవంతుడు, ఆపై ఆయుధం. "యకె ఇషి ని మిజు", కాలిన రాయి మీద నీళ్లు: చాలీచాలని సాయం. వ్యాకరణం చూసి అర్థం ఊహించలేరు, ఒక్కోటీ విడిగా నేర్చుకోవాల్సిందే.

'మొ' అంటే కూడా, అయినా: "ఇషి నొ ఉఎ ని మొ సన్నెన్", రాతి మీదైనా మూడేళ్లు. చల్లటి రాయి కూడా కూర్చోగా కూర్చోగా వెచ్చబడుతుందని. ఇక్కడ మూడు లెక్క కాదు, 'చాలాకాలం' అనే అర్థం. "నన కొరొబి య ఒకి", ఏడు పడడాలు, ఎనిమిది లేవడాలు అన్నప్పుడూ అంతే, కూడిక తీసివేతలు చేయొద్దు. తకసకి ఊరికి పేరు తెచ్చిన దరుమ బొమ్మ, ఎంత తోసినా లేచి నిలబడేది, ఈ సామెతకు నిలువెత్తు రూపం.

పదాల దగ్గర జారే చోట్లు మరికొన్ని. "మిత్సుగొ నొ తమషీ హ్యకు మదె"లో మిత్సుగొ అంటే కవల ముగ్గురు కాదు, మూడేళ్ల పిల్ల. మూడేళ్లప్పటి గుణం నూరేళ్ల దాకా పోదని భావం. "గో ని ఇత్తె వ గో ని షితగఎ", ఊళ్లోకి వెళ్తే ఊరి పద్ధతి పాటించు. ఇందులో అదే రాతను 'హైత్తె' అని చదివేస్తారు, 'ఇత్తె' అనాలి. "నికై కర మెగుసురి", నికై నుంచి కంట్లో మందు. నికై అంటే వాళ్ల లెక్కలో రెండో అంతస్తు, మన లెక్కలో మొదటి అంతస్తు, నేల మీది అంతస్తుకు సరిగ్గా పైది. పైనుంచి కిందివాడి కంట్లో చుక్క వేసినట్టు, గురి కుదరని పని.

తెలుగు సామెతతో జత కట్టడం

జత కడితే బాగా గుర్తుంటుంది. కానీ ప్రతి జతకూ పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి: పూర్తిగా సరిపోయిందా, సగమా, మోసమా.

పూర్తిగా సరిపోయేవి కొన్ని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. "జషితె కురఎబ యమ మొ మునషి": కూర్చుని తింటే కొండ కూడా ఖాళీ. మన 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి'కి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు. "జెన్ వ ఇసొగె" అచ్చంగా శుభస్య శీఘ్రం. "ఉఎ ని వ ఉఎ గ అరు", పైన మరో పై ఉంటుంది అంటే తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. పట్టని తనుకి తోలు లెక్కకు మన 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం'. "దొరొబో ఒ తొరఎతె నవ ఒ నఉ", దొంగను పట్టుకున్నాక తాడు పేనడం, మన 'ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం'. దీన్ని మాటల్లో 'దొరొనవ' అని కుదించేస్తారు, దొంగ-తాడు అన్నట్టు. పరీక్ష ముందు రాత్రి చదివే చదువుకు బాగా అతుకుతుంది. "కఎరు నొ త్సుర ని మిజు", కప్ప ముఖాన నీళ్లు, మన దున్నపోతు మీద వాన.

పొరుగింటి పుల్లకూరకు మూడు జపనీస్ జతలున్నాయి, వాడుకలో మూడూ సమానం కాదు. "తొనరి నొ షిబఫు వ అఒయి", పక్కింటి పచ్చిక పచ్చన, ఎక్కువ వినబడేది ఇదే. కానీ అది పాశ్చాత్య సామెతకు అనువాదం. "తొనరి నొ హన వ అకై", పక్కింటి పువ్వు ఎరుపు, దేశీయం. రుచిలో మన పుల్లకూరకు నిజమైన తోబుట్టువు "తొనరి నొ జిందమిసొ", పక్కింటి తవుడు ఊరవేత. అది ప్రతి ఇంట్లోనూ ఉండే చవక సరుకే, అయినా పక్కింటిదే రుచి. సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ ఇప్పటి యువతకు తెలియకపోవచ్చు. పచ్చికతో వెళ్తే పని జరుగుతుంది.

సగం జతలు. "సెన్‌దో ఓకు షితె ఫునె యమ ని నొబొరు", సరంగులు ఎక్కువైతే పడవ కొండెక్కుతుంది. 'మంది ఎక్కువైతే మజ్జిగ పలచన' అని వెంటనే తడుతుంది. కానీ మజ్జిగ సామెతలో పంచుకునే వస్తువు పలచబడుతుంది. పడవ సామెతలో ఆజ్ఞలిచ్చేవాళ్లు ఎక్కువై దారి తప్పుతుంది. భోజనాలు చాలకపోతే మజ్జిగ, మీటింగులో ముగ్గురు మేనేజర్లు మూడు వైపులా లాగితే పడవ. దీన్ని 'అందరూ కలిస్తే పడవను కొండైనా ఎక్కించగలరు' అని మెచ్చుకోలుగా వాడేవాళ్లూ ఉన్నారు, అది పొరపాటు.

"నో అరు తక వ త్సుమె ఒ కకుసు", సత్తా ఉన్న డేగ గోళ్లు దాచుకుంటుంది. మన నిండు కుండ తొణకదు, కానీ కుండ దేన్నీ దాచడం లేదు. డేగ సమయం వచ్చేదాకా కావాలనే దాస్తోంది. వినయం ఒక్కటే చెప్పాలంటే వరి సామెత మేలు: "మినొరు హొదొ కోబె ఒ తరెరు ఇనహొ కన", పండేకొద్దీ తల వంచే వరి కంకి. అది 5, 7, 5 మాత్రల్లో ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెడుతూ పలకండి, దీర్ఘానికి రెండు వేళ్లు.

మోసం చేసే జత ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. "కఎరు నొ కొ వ కఎరు", కప్ప బిడ్డ కప్పే. తెలుగు బుర్ర 'పులి కడుపున పులే పుడుతుంది' అని చదువుతుంది, సహోద్యోగి కూతురు మంచి మార్కులు తెచ్చుకుంటే మెచ్చుకోలుగా వదులుతుంది. తప్పు. మామూలువాళ్ల పిల్లలు మామూలువాళ్లే అవుతారని దాని భావం. పోనీ అని "తొంబి గ తక ఒ ఉము", గద్ద డేగను కంది అన్నారో, పిల్లను పొగిడి తల్లిదండ్రులను తిట్టినట్టు. ఆ సందర్భానికి సామెత వద్దు, మామూలు మాటల్లో పొగడండి.

ఎవరి మీద వాడొచ్చు

సామెతలను మూడు గంపల్లో వేసుకోండి.

మొదటి గంప, తన మీదే. ఎండు చెట్టు ఇందులోదే. "మగొ ని మొ ఇషో", గుర్రాలు తోలేవాడికైనా మంచి బట్టలు కడితే మనిషిలా కనిపిస్తాడు. మగొ అనే ధ్వనికే 'మనవడు' అనే అర్థం కూడా ఉంది కాబట్టి 'మనవడికి కొత్త బట్టలు, ఎంత ముద్దుగా ఉన్నాడో' అని అపార్థం చేసుకుని పెళ్లికొడుకును చూసి అనేస్తారు. అన్నారో, పెళ్లింట్లో మాట మిగిలిపోతుంది. సూటు వేసుకున్నప్పుడు మీ మీద మీరు అనుకోండి, నవ్వుతారు.

రెండో గంప, సమానుల మీద, చనువున్నవాళ్ల మీద. "సరు మొ కి కర ఒచిరు", కోతి కూడా చెట్టు మీంచి పడుతుంది. ఆరితేరినవాడూ పొరబడతాడని ఓదార్పే. కానీ పై అధికారిని కోతితో పోల్చినట్టవుతుంది. అదే భావానికి గౌరవమైన రూపం ఉంది: "కోబో ని మొ ఫుదె నొ అయమరి", కోబో అంతటివాడి కుంచె కూడా తప్పుతుంది. కోబో అంటే బౌద్ధాచార్యుడు కూకయ్, 774 నుంచి 835 దాకా జీవించాడు, దస్తూరికి పెట్టింది పేరు. రాజప్రాసాదంలో ఓతెన్ ద్వారానికి పేరు రాసిన పలక బిగించాక చూస్తే ఒక అక్షరంలో చుక్క లేదట. కిందినుంచే కుంచె విసిరి చుక్క పెట్టాడని కథ. కోతి, ఏటిలో కొట్టుకుపోయే కప్ప, కోబో, మూడు సామెతల సారం ఒకటే. వాడే చోటే వేరు. అయినా పెద్దవాళ్ల తప్పును వాళ్ల ముందు సామెతలో పెట్టి చూపడం కన్నా ఊరుకోవడమే మర్యాద.

మూడో గంప, ఎవరి మీదా కాకుండా పరిస్థితి మీద వాడేవి. కొత్తవాళ్లకు ఇవే క్షేమం. "అమె ఫుత్తె జి కతమరు", వాన కురిస్తే నేల గట్టిపడుతుంది: గొడవ పడి రాజీకొచ్చాక బంధం ఇంకా బలపడిందని. పెళ్లి ప్రసంగాల్లోనూ చెబుతారు, పెళ్లిరోజున వానపడితే మరీనూ. అదే పెళ్లిలో తెగడం, విడిపోవడం, వెనక్కి రావడం, ముగియడం అనే అర్థాలున్న మాటలు నిషిద్ధం. "ఫుకుసుయ్ బొన్ ని కఎరజు", ఒలికిన నీళ్లు పళ్లెంలోకి తిరిగిరావు, భార్యను తిరిగి ఏలుకోనని చెప్పిన పాత చైనా కథలోది. అది ఆ రోజు నోట రాకూడదు.

"దెరు కుఇ వ ఉతరెరు", పైకి పొడుచుకొచ్చిన గుంజకు దెబ్బ పడుతుంది. ఇది విదేశాల్లో 'మేకు'గా ప్రచారమైంది, కుఇ అంటే నేలలో పాతే గుంజ. మేకు అంటే కుగి. ఆ రూపం కూడా ఉంది గానీ సాధారణంగా వినబడేది గుంజే. జపాన్ సమాజాన్నంతా ఈ ఒక్క వాక్యంతో తేల్చేయడం కొందరికి సరదా. జపాన్‌వాళ్ల ముందు 'మీ దేశం ఇలాగే కదా' అని దీన్ని విసరడం మాత్రం మంచి పని కాదు.

"ఇషి నొ ఉఎ ని మొ సన్నెన్" విషయంలో ఒక జాగ్రత్త. ఉద్యోగంలో నలుగుతున్న కుర్రవాడికి పెద్దవాళ్లు దీన్ని చెబితే చిర్రెత్తుతుంది. ఇంటర్వ్యూలో 'రాతి మీదైనా మూడేళ్లంటారు కదా, ఓపికగా నేర్చుకుంటాను' అని మీరే మీ గురించి చెబితే అతుకుతుంది.

రెండర్థాల సామెతలు

కుక్క, కర్ర సామెతకు తొలి అర్థం ఊరికే తిరిగితే దెబ్బలు తింటావని. తర్వాత్తర్వాత 'కదిలితే ఏదో మంచి తగులుతుంది' అనే అర్థం కూడా స్థిరపడింది. ఇప్పుడు రెండూ తప్పు కాదు. "కొరొగరు ఇషి ని వ కొకె గ హఎను", దొర్లే రాయికి నాచు పట్టదు అనేది బయటినుంచి వచ్చినదే అయినా రెండుగా చీలింది: నిలకడ లేనివాడికి ఏమీ కూడదని ఒకరు, చురుగ్గా ఉంటే తుప్పు పట్టదని ఒకరు. ఇలాంటివి వాడితే వెంటనే ఒక మామూలు వాక్యం జోడించండి. లేకపోతే ఉద్యోగం మారినవాడిని అభినందించారో ఎత్తిపొడిచారో తెలియదు.

మాటల్లో దూర్చడం

సామెతను ఒంటరిగా విసరకండి. ముందు "యొకు" అంటే తరచూ, చివర "తొ ఈమసు" అంటే అంటారు, ఈ రెండింటి నడుమ పెట్టండి: "యొకు ఇసొగబ మవరె తొ ఈమసు". కారణంగా చూపాలంటే "తొ ఈమసు కర". జరిగినదాన్ని చూసి సరిగ్గా అదే అనాలంటే "మసని ఒని ని కనబో దెసు నె". ఇందులో నామవాచకంతో ముగిసే సామెతలే 'దెసు'తో హాయిగా కలుస్తాయి. 'అతరు', 'ఒచిరు' వంటి క్రియతో ముగిసేవాటికి 'దెసు' తగిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. వాటికి 'తొ ఈమసు' దారే.

పేరున్నవాటిని సగంలో ఆపేయడం అసలైన వాడుక. "చిరి మొ త్సుమొరెబ", ధూళైనా పోగుపడితే... అని వదిలేస్తారు, 'కొండవుతుంది' అనేది వినేవాడు పూరించుకుంటాడు. బావిలో కప్పకూ 'ఇ నొ నక నొ కవజు' చాలు. ఒక సంభాషణకు ఒకటి మించకూడదు. రెండోది వచ్చేసరికి పంతులుగారి వరస వస్తుంది.

జపనీస్ సామెత అని పేరు పెట్టుకుని ఫోన్లలో తిరిగే సూక్తుల సంగతి. పరీక్ష సులువు: జపనీస్ వాక్యం ఉందా? లేకపోతే పక్కన పెట్టండి. ఉన్నా, అదంతా అక్కడే పుట్టిందని కాదు. "ఇస్సెకి నిచో", ఒకే రాయికి రెండు పిట్టలు, నాలుగక్షరాల్లో ఎంత పాతగా కనిపించినా ఇంగ్లీషు నుంచి వచ్చింది. "బుత ని షిన్‌జు", పందికి ముత్యాలు, బైబిల్ నుంచి. వాడుకకు అడ్డేమీ లేదు, 'ప్రాచీన జపాన్ జ్ఞానం' అనకుండా ఉంటే చాలు.

ఇంట్లో కరుత

సామెతలు నోటికి పట్టించడానికి జపాన్‌లోనే ఒక ఆట ఉంది, ఇరొహ కరుత. కరుత అనేది పోర్చుగీసు మాట కార్తా నుంచి వచ్చింది. ఇరొహ అంటే జపనీస్ అక్షరాలు ఒక్కోటీ ఒక్కసారే వచ్చేలా కట్టిన పాత పద్యం. అందులోని 47 అక్షరాలకు ఒక్కో సామెత, చివర 'క్యో' అనే ముక్క కలిపి 48. ప్రతిదానికీ చదివే ముక్క ఒకటి, బొమ్మ ముక్క ఒకటి, మొత్తం 96. ఎదొ, అంటే పాత తోక్యో జతలో మొదటి సామెత కుక్క, కర్రే. అందుకే దాన్ని ఇనుబో కరుత అంటారు. క్యోతో జతలో అదే అక్షరానికి "ఇస్సున్ సకి వ యమి", అంగుళం ముందంతా చీకటి.

సొంతంగా చేసుకోవాలంటే 300 జీఎస్ఎం మందం ఉన్న ఎ4 అట్టకాగితం 11 షీట్లు చాలు. ఒక్కో ముక్క 8 సెంటీమీటర్లు బై 6. షీటుకు 9 వస్తాయి. పలచని కాగితం వాడితే బొమ్మ వెనక్కి కనబడుతుంది, అంచులు మడత పడతాయి. చదివే ముక్క మీద సామెత తెలుగు లిపిలో, వెనక దాని భావం, కింద గంప సంఖ్య: 1, 2 లేదా 3. బొమ్మ ముక్క మీద బొమ్మ, మూలన సున్నాలో మొదటి అక్షరం. బొమ్మ మాటకు మాట అర్థాన్ని చూపాలి, భావాన్ని కాదు: డేగ గోళ్లు గీయండి, వినయం గీయకండి. వారానికి 6 చొప్పున 8 వారాల్లో 48 పూర్తవుతాయి. కొత్త 6 చేర్చే ముందు పాతవన్నీ ఒకసారి ఆడాలి.

బొమ్మ ముక్కలు నేల మీద పరచాలి. ఒకరు చదువుతారు, మిగిలినవాళ్లలో ముందు తాకినవాడిదే ముక్క. తప్పు ముక్క తాకితే ఒతెత్సుకి, ఒక వంతు ఆగాలి. వారం గడిచాక చదివేవాళ్లు సామెత చదవడం మానేసి సందర్భం తెలుగులో చెప్పాలి: 'మూడొందల రూపాయలతో మూడు లక్షల అప్పు తీరుస్తానంటున్నాడు.' కాలిన రాయి బొమ్మ ఎవరు పట్టుకుంటారో చూడాలి. పట్టుకున్నవాళ్లు సామెతను పలికి, అది ఏ గంపలోదో చెబితేనే ముక్క దక్కుతుంది.

అసలు ఆటలో ఒక అక్షరానికి ఒకటే సామెత. మీరు ఏరుకున్నవాటిలో మాత్రం ఇసొగబ, ఇషి నొ ఉఎ, ఇను మొ, ఇ నొ నక అన్నీ 'ఇ'తోనే మొదలవుతాయి. పిల్లలతో అయితే ఒకటి ఉంచి మూడు తీసేయండి. పెద్దవాళ్లయితే నాలుగూ ఉంచండి, అప్పుడు రెండో అక్షరం దాకా చెవి ఆగాలి. 'ఇను', 'ఇ నొ' మధ్య తేడా ఒక్క అచ్చే కాబట్టి ఆ రెండు బొమ్మలనూ చాప చెరో చివర పెట్టండి. పక్కపక్కన ఉంటే ఏది తాకారన్నదాని మీద తగువు తప్పదు.